బావ మోకాళ్లు బాగైన ఎండాకాలం

మా చెల్లెలి భర్తకు మోకాళ్లు బాగయ్యాయని ఊరంతా సంతోషించిన రోజుల్లో నాకొక్కడికే భయం వేసింది. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయాను. నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషిని. పాతకాలపు రెక్క సిగ్నళ్ల రోజుల్లో, లాగిన సిగ్నల్ దిగకపోతే చిరాకు పడేవాళ్లం గానీ భయపడేవాళ్లం కాదు. బండి బయట ఆగి ఉంటుంది, అంతే. ఎవరూ లివరు లాగకుండా సిగ్నల్ దానంతట అదే దిగిందంటే మాత్రం, దారి లేని చోటికి బండి వచ్చేస్తుందన్న భయంతో పరిగెత్తేవాళ్లం. బావ మోకాళ్లు బాగుపడటం నాకు అలాగే కనిపించింది.

వయసులో అతను నాకంటే చిన్న. అయినా పెళ్లినాటి నుంచి నేను అతన్ని బావ అంటాను, అతనూ నన్ను బావ అనే అంటాడు. పటాలంలో హవల్దారుగా చేశాడు. సర్వీసులో ఎక్కువ భాగం కొండల మీద, మంచులో, వీపున బరువుతో ఎక్కడమూ దిగడమూ. సర్వీసు ముగిసి ఇంటికి వచ్చేనాటికే రెండు మోకాళ్లలోనూ కీళ్లవాతం. పంపించేముందు డాక్టర్ల బోర్డు చూసింది. ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగితే "ఠీక్ హై సాబ్" అన్నాడట. ఎందుకన్నావు బావా అని ఎన్నోసార్లు అడిగాను.

"సాబ్ అడిగితే ఇంకేమంటరు బావ? ఇరవై ఏండ్లు గదే అన్న. ఆ ఒక్క దినం నోరు తిరుగతదా?"

బోర్డు రాసింది ఇది: కీళ్లవాతం ఉంది, కానీ వైకల్యం నూటికి ఇరవై పాళ్లకు తక్కువ, అది సైనిక సేవ వల్ల వచ్చిందీ కాదు, సేవ వల్ల పెరిగిందీ కాదు. ఇరవై పాళ్లు లేకపోతే వైకల్య పింఛను లేదు. మొదటి అప్పీలు నేనే కూర్చుని రాశాను. తిరస్కరించారు. రెండోదీ నేనే రాశాను. చాలాకాలం చడీచప్పుడూ లేదు.

ఈలోగా బావ భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు దగ్గర సెక్యూరిటీ నౌకరీ చేసేవాడు. బొగ్గు లారీలను తూచే కాంటా దగ్గర గేటు. అక్కడ కుర్చీ ఉండదు. సెక్యూరిటీవాడు కూర్చుంటే నిద్రపోతాడని కాంట్రాక్టరు నమ్మకం. పొద్దంతా నిలబడి, గోలీలు మింగి, వారానికొకసారి కేసముద్రం దగ్గర ఊళ్లో ఉన్న ఇంటికి వచ్చేవాడు. వైకల్య పింఛనుకు అతను పెట్టుకున్న పేరు "కుర్చీ పింఛను".

"గది వస్తే కూసుంట బావ. ఇంకేం కోరిక లేదు. ఊకె కూసుంట," అనేవాడు.

అందులో వేళాకోళం ఎంతో, నిజం ఎంతో నాకు తెలుసు. భూపాలపల్లి వెళ్లినప్పుడు ఒకసారి దూరం నుంచి చూశాను. లారీకీ లారీకీ మధ్య గేటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడ్డాడు. ఆ పింఛను రాకపోతే ఆ కమ్మీ దగ్గరే పడిపోతాడని ఆ రోజు అనిపించింది.

చలికాలం వెళ్తూ ఉండగా కబురు వచ్చింది. రెండో అప్పీలును విన్న అధికారులు మళ్లీ డాక్టర్ల బోర్డుకు పంపమన్నారు. ఎండాకాలం చివర పట్నంలోని మిలిటరీ దవాఖానకు రావాలి. ఆ కాగితం పట్టుకుని మేమిద్దరం మానుకోట వెళ్లాం. స్టేషన్ పలక మీద పెద్ద అక్షరాల్లో మహబూబాబాద్ అని రాసి ఉన్నా మా నోట మానుకోటే. స్టేషన్ బయటి చాయ్ హోటల్లో మాజీ సైనికులు కొందరు పొద్దున పూట కూడుతుంటారు. వాళ్లలో రిటైరైన సుబేదారొకాయన కాగితం చదివి బావ మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఇగ విను. బోర్డు ముందలికి గోలీ మింగి పోతే మోకాలు అబద్ధం చెప్తది. గియ్యాల్టి సంది ఏం ముట్టకు. సూది లేదు, గోలీ లేదు. నొప్పి ఎట్లున్నదో అట్లనే చూడనియ్యి."

"ఇంకోటి," అన్నాడు పక్కనున్న మనిషి. "లెఫ్ట్ రైట్ అనుకుంట లోపలికి పోకు. నీ సెల్యూట్ చూసినంకనే సగం కేసు పోతది."

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. అక్కడే జేబులోంచి గోలీల పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు. "కసం," అన్నాడు. "బోర్డు అయ్యేదాంక మందు అనేది నోట్లె వడదు." మాట ఇస్తే తప్పని మనిషి. అది మా చెల్లెకు నాకంటే బాగా తెలుసు.

జీతం లేని సెలవు పెట్టి ఇంటికి వచ్చాడు. నెల తిరగకముందే చూడటానికి వెళ్లాను. నేనుండే జనగామ నుంచి కేసముద్రం దాకా బండిలో, అక్కడి నుంచి ఆటోలో. వాకిట్లో అడుగుపెట్టేసరికి లోపల్నుంచి ఒక మూలుగు వినిపించింది. గొడ్డు మూలుగు అనుకున్నాను. బావ మంచం పట్టె పట్టుకుని లేవడానికి చూస్తున్నాడు. మోకాళ్లు రెండూ గుమ్మడికాయల్లా ఉన్నాయి. దొడ్డికి వెళ్లడానికి ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కోసి పెట్టారు.

"చూసినవా బావ," అన్నాడు పళ్లు బిగించి. "కుర్చీ అయితె వచ్చింది. పింఛనే బాకి."

మా చెల్లె వంటింటి గడపలో నిలబడి ఉంది. నన్ను పక్కకు పిలిచింది. "అన్న, రాత్రి ఒక్క గడియ కన్ను మూస్తలేడు. నువ్వన్న చెప్పరాదె, ఒక్క గోలీ ఏసుకోమని. గోలీ లేకుంటె మంచం దిగడు, దిగకుంటె పట్నం ఎట్ల పోతడు? రైలు ఎట్ల ఎక్కుతడు? అంత పెద్ద ఆఫీసర్ల ముందటికి ఎత్తుకపోతరా మనిషిని, గడ్డిమోపు లెక్క?"

"ఎత్తుకుపోయినా సరే, ఆయన ఉన్నట్టు ఉండడమే కావాలి," అన్నాను.

ఆమె కొంగుతో గడప తుడుస్తూ ఉండిపోయింది. ఆ గడప శుభ్రంగానే ఉంది.

రోజూ డైరీ రాసే అలవాటు నాకు డ్యూటీతో వచ్చింది. ఎండ ఎట్లా ఉంది, ఏ బండి ఆలస్యం, ఎవరు వచ్చారు, ఏం తిన్నాను. ఆ రోజు పేజీలో బావ పరిస్థితి రాసి, కింద "తట్టుకోలేడేమో" అని ఒక్క మాట రాసుకున్నాను. నొప్పి పోతే ఏమవుతుందన్నది నాకు అప్పుడు తోచలేదు.

ఆ తర్వాత ఫోన్లో వచ్చిన కబుర్లన్నీ మంచివే. కొంచెం నయం. కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చిండు. కర్ర లేకుండా నడుస్తుండు. ఊళ్లో వాళ్లు మందులు మానేస్తేనే రోగం పోయిందని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లిషు గోలీలే మోకాళ్లను తిన్నాయట. ఇద్దరు ముగ్గురు బావను చూసి తమ గోలీలు కూడా పారేశారు.

నేను రెండోసారి వెళ్లేసరికి ఎండలు ముదిరాయి. బావ నాకు ఆటో దగ్గరికే ఎదురు వచ్చాడు. నా చేతిలో సంచి లాక్కున్నాడు.

"ఎట్లున్న బావ? కొత్త పెండ్లికొడుకు లెక్క లేనా?"

ఉన్నాడు. మొహం గుండ్రంగా నిండింది. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. కానీ చొక్కా చేతుల్లోంచి కనిపించిన జబ్బలు వెనకటి కంటే సన్నబడ్డాయి. ముంజేతుల మీద అక్కడక్కడ నీలి మచ్చలు. ఇదేమిటంటే మంచం కోడు తగిలిందన్నాడు. ఇంకో మచ్చకు తలుపు తగిలిందన్నాడు. దాహం దాహమని చెంబుల కొద్దీ నీళ్లు తాగాడు. దారిన పోయే ఒక ముసలమ్మ ఆగి, "నిండుగ అయినవు బిడ్డా, దిష్టి తాకుతది," అంది. మా చెల్లె ఇంట్లోంచి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఆ సాయంత్రమే దిష్టి తీసింది. మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి బలంగా తగిలినట్టని మావాళ్ల నమ్మకం. ఆమె మొహం తెల్లబోయింది.

అన్నం దగ్గర బావకు పచ్చిపులుసు విడిగా చిన్న గిన్నెలో పెట్టింది. నాకు పప్పు వేసింది.

"నాకూ పచ్చిపులుసు పోయమ్మా, ఈ ఎండకు అదే హాయి," అన్నాను.

"అయిపోయింది అన్న."

గిన్నెలో ఇంకా ఉంది. "గీ గిన్నెలున్నది ఇయ్యరాదె," అన్నాడు బావ. "అయినా బావ, ఈ నడుమ మీ చెల్లె చేతి పులుసు చేదు వస్తున్నది. ముసల్ది అయితున్నది."

"నువ్వులు మాడినై," అంది ఆమె. గిన్నె మాత్రం అతని ముందు నుంచి కదలనివ్వలేదు. అతను చివరి చుక్క దాకా తాగేవరకు అక్కడే నిలబడింది.

ఆ రాత్రి వాకిట్లో మంచం మీద పడుకుని బావ గొంతు వింటూ ఉన్నాను. బోర్డు అయ్యాక భూపాలపల్లి నౌకరీ మానేసి ఎక్కడెక్కడికి నడుచుకుంటూ పోతాడో చెబుతున్నాడు. నడిచే మనిషికి కుర్చీ పింఛను ఎవరిస్తారు అన్న ప్రశ్న అతనికి రాలేదు. నాకు వచ్చింది. నొప్పి పోయిన మనిషితో ఆ మాట ఎట్లా అంటాం?

బోర్డు రోజున పట్నానికి ముగ్గురం వెళ్దాం అనుకున్నాం గానీ, చెల్లె రాలేదు. తెల్లవారుజామునే లేచి అతనికి అన్నం కలిపి తినిపించి, ఇస్త్రీ చొక్కా తొడిగి పంపింది. బావ రైలు మెట్లు తానే ఎక్కాడు. దవాఖాన వరండాలో బెంచీ నిండా మాజీ సైనికులు. ఒకరి చెయ్యి వణుకుతోంది, ఒకరికి వినబడదు, ఒకాయన మోకాళ్లు మునుపటి మా బావవే అన్నట్టు ఉన్నాయి. ఆయన బావను తేరిపార చూసి, "నువ్వు ఎవరితోని వచ్చినవు తమ్మీ, పేషెంటు యాడ?" అన్నాడు.

బావ పొంగిపోయాడు.

గదికి తలుపు లేదు, పచ్చ తెర ఉంది. తెర కింది నుంచి బావ పాదాలు, డాక్టరమ్మ బూట్లు కనిపించాయి. బావ మడమలు ఠపీమని కలిశాయి. సెల్యూట్ కొట్టాడని అర్థమైంది. మానుకోట హోటల్లో విన్న హెచ్చరిక గుర్తొచ్చి కళ్లు మూసుకున్నాను. లోపల హిందీలో మాటలు. నడువు. తిరుగు. మోకాలు ముడువు, ఇంకా, ఇంకా. తర్వాత, "బైఠో."

కింద కూర్చోమనడం. కొన్నేళ్లుగా బావ నేల మీద గొంతుక్కూర్చోలేదు. తెర కింద మోకాళ్లు రెండూ కిందికి దిగి, పాదాల మీదికి వచ్చి ఆగాయి.

"ఉఠో."

లేచాడు. చెయ్యి నేలకు ఆనలేదు.

"ఫిర్ సే," అంది ఆమె గొంతు. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. మూడోసారి ఎవరూ అడగలేదు. తానే కూర్చుని లేచాడు. తెర తొలగించి తల బయటపెట్టి, "బావ! చూసినవా! చెయ్యి ఆనలే!" అని చిన్నపిల్లవాడిలా కేక వేశాడు. వరండాలో ఉన్న మోకాళ్ల మనిషి తల దించుకున్నాడు. అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఏం జరిగిందో తెలిసింది. బావకు తప్ప.

డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. అతన్ని కూర్చోబెట్టి, కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. అతని మొహం చూసింది, ముంజేతులు చూసింది.

"ఏం మందులు వాడుతున్నాడు?"

"ఏవీ లేవు మేడం. మూడు నెలలుగా ఒట్టు పెట్టుకుని మానేశాడు," అన్నాను గట్టిగా.

"ఎక్స్‌రేలో మోకాలి సందు పూర్తిగా అరిగిపోయింది. ఇలాంటి మోకాళ్లు ఇలా వంగవు. ఏదో లోపలికి పోతోంది," అంది. రక్తం తీయించింది. ఎన్నడూ లేని షుగరు బాగా ఎక్కువగా ఉందని గంటలోపే తేలింది. "లోపలికి పోతున్నది ఏమిటో కనుక్కోండి. కనుక్కున్నాక ఒక్కసారిగా ఆపకండి. అది ప్రమాదం. తీసుకుని నా దగ్గరికి రండి. బోర్డు వరకైతే, నేను చూసిందే రాయాలి."

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. బావ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. నేను వంటింటి గడపలో నిలబడి చెల్లెతో, "ఒంట్లోకి ఏదో విషం పోతోందని డాక్టరమ్మ అనుమానపడుతోంది," అన్నాను. ఆమె చేతిలో గరిటె పొయ్యిలో పడింది. నేను రెండో మాట చెప్పేలోపు పెరట్లోకి వెళ్లిపోయింది. ఆపకూడదన్న ఆ మాట తర్వాత బావకు చెప్పాను. "ముట్టందాన్ని ఏం ఆపుత బావ?" అని నవ్వాడు. పెరట్లో ఏదో కాలిన పొగ ఇంట్లోకి వచ్చింది. చెత్త అనుకున్నాం.

నేను జనగామ వచ్చేశాను. రెండు రోజులు మంచి కబుర్లే. మూడో నాడు పొద్దున ఫోన్లో చెల్లె ఏడుపు తప్ప మాట లేదు. బావ మంచం మీది నుంచి లేవబోయి పడిపోయాడు. వాంతులు, ఒళ్లంతా చల్లటి చెమట, కళ్లు తేలేశాడు. నేను వెళ్లేసరికి మానుకోట పెద్ద దవాఖానలో సెలైను ఎక్కుతోంది. బీపీ అందడం లేదన్నారు.

వరండాలో, గోడవైపు తిరిగి, చెల్లె చెప్పింది.

"కేసముద్రం మార్కెట్ల హమాలీలు తింటరు అన్న, ఆకుపొడి. మార్కెట్ గేటు కాడ ఒకాయన అమ్ముతడు. అది తిని క్వింటాలు బస్తాలు మోస్తున్నరు. ఇంగ్లిషు మందు కాదు, ఉట్టి ఆకు. ఆయన కసం మందు మీదనే కదా. ఆకు మీద కాదు కదా. పులుసుల కలిపిన. ఆఫీసర్ల ముందట కుంటుకుంట పోతె ఇజ్జత్ పోతదనుకున్న. మంచిగ నిలవడి మాట్లాడితె, మంచి మనిషని ఇస్తరనుకున్న." గోడ సున్నాన్ని గోటితో గీకుతూ, "విషమని నువ్వనంగనే పొట్లాలన్నీ కాలవెట్టిన," అంది.

డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఆ మాటే చెప్పాం. ఆయన వెంటనే సూది మార్చాడు. ఆ పొడిలో ఆకుతో పాటు స్టెరాయిడ్ గోలీల పిండి కలిపి ఉంటుందని, అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపితే ఇలాగే అవుతుందని అన్నాడు. సాయంత్రానికి బావ కళ్లు తెరిచాడు.

ఇప్పుడు ఆ మందునే గోలీలుగా, కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. తగ్గేకొద్దీ మోకాళ్లు వెనకటి స్థితికి వచ్చాయి. ఇంకా ఘోరంగా వచ్చాయి. మధ్యలో కోసిన కుర్చీ మళ్లీ గదిలోకి వచ్చింది. అలా ఉండగానే బోర్డు నిర్ణయం చేరింది. వైకల్యం నూటికి ఇరవై పాళ్లకు తక్కువ. సాయం లేకుండా కూర్చుని లేవగలడు. బావ ఆ వాక్యం నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఇప్పుడు రమ్మను బావ," అన్నాడు గోడ చూస్తూ. "ఇప్పుడు బైఠో అనమను."

చెల్లె మీద ఒక్క మాట కూడా విసరలేదు. కానీ ఆమె పెట్టిన పచ్చిపులుసు మళ్లీ ముట్టలేదు. ఆమె చేయడం మానలేదు.

ఇక మిగిలింది సైనిక ట్రిబ్యునల్. పట్నంలో వకీలును కలిశాం. పొడి వల్లే మోకాళ్లు వంగాయని ఊరికే చెబితే చాలదన్నాడు. దవాఖాన కాగితాలు, కలిపిన మనిషి వాంగ్మూలం, పరీక్షకు పంపడానికి ఆ పొడి, ఈ మూడూ ఉంటే మళ్లీ బోర్డు అడగవచ్చు. "నేనే చెప్త. ఏ ఆఫీసరు ముందటనన్న నిలవడి చెప్త," అంది చెల్లె. ఆమె గొంతు అంత గట్టిగా నేనెన్నడూ వినలేదు. పొడి మాత్రం బూడిదైపోయింది.

కేసముద్రం మార్కెట్‌కు నేను వెళ్లాను. గేటు దగ్గర గొడుగు పాతిన గుంత ఉంది, మనిషి లేడు. చాయ్ అమ్మే ఆమెను అడిగితే, భూపాలపల్లి దిక్కు పోయిండు, బొగ్గు బాయి పనోళ్లకు మోకాళ్ల నొప్పులెక్కువ కదా, అక్కడ గిరాకీ మంచిగున్నదట అంది. లోపల మక్కల బస్తాలు లారీకి ఎక్కిస్తున్నారు. ఒక హమాలీని పక్కకు పిలిచి అడిగాను. నడి వయసు మనిషి. నా కాళ్ల వైపు చూసి నవ్వాడు.

"నీకు గూడ మోకాళ్లేనా బాపు? ఒక్కటే ఉన్నది. రేపటిది." రొంటిన దోపుకున్న పొట్లం తీసి, నా వయసు చూసి కాబోలు, విప్పి సగం నా రుమాల్లో పోశాడు. డబ్బులు వద్దన్నాడు. "వేడి నీళ్లల్ల తాగు. దినాం తాగాలె, విడువద్దు. విడిస్తె మళ్ల పట్టుకుంటది."

"దీన్ని ఒక్కసారిగా ఆపకు నాయనా. దవాఖానకు పోయి చూపించుకో. ఇందులో వేరే మందు కలిసింది," అన్నాను.

"నేనెందుకు ఆపుత బాపు?" అన్నాడు. "చూడు, ఎట్ల నిండుగయిన్నో."

అప్పుడు అతని మొహం సరిగా చూశాను. గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది. ముంజేతి మీద నీలి మచ్చ. వెనక్కి తిరిగి వెళ్లి, వంగి, బస్తా వీపు మీదికి తీసుకుని, చెయ్యి ఆనకుండా లేచాడు. అతని వెనక ఇంకొకడు. ఆ మొహమూ నిండుగానే ఉంది. రుమాలు మూట జేబులో పెట్టుకుని, మార్కెట్ యార్డు గేటు దాకా మొహాలు చూడకుండా నడిచాను.